ససెక్స్ స్పానియల్ ఉన్న ఇంటికి ఏమివ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంగ్లండ్‌లో ఉంటూ కుక్కల బొమ్మలు చేత్తో కుట్టి ఇస్తుంటాను. వాటిలో ఎక్కువ ససెక్స్ స్పానియల్‌వే. ఆ జాతి అంటే నాకు ప్రాణం. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు చాలామంది, "మా మేనేజర్ రిటైరవుతున్నారు, వాళ్ళింట్లో ఆ గోధుమరంగు కుక్క ఉంది, ఏమిస్తే బావుంటుంది?" అని అడుగుతుంటారు. "పక్కింటి పెద్దావిడ మా పాపని కన్నకూతురిలా చూసుకుంది, క్రిస్మస్‌కి ఆవిడకి ఆ కుక్క పేరుతో ఏదైనా చేయించాలి" అని ఫోన్ చేసేవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు ససెక్స్ స్పానియల్ అంటే ఏది? కాకర్ స్పానియల్‌కీ దీనికీ తేడా ఏమిటి?

కాకర్ కన్నా బరువైన ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పొడవాటి నడుము. ఎత్తు 38 నుంచి 41 సెంటీమీటర్లే ఉంటుంది, బరువు మాత్రం 23 కిలోల దాకా తూగుతుంది. నడుస్తుంటే ఒళ్ళంతా అటూ ఇటూ ఊగుతుంది. నుదుటి మీద ముడతలు పడి ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు, కాస్త కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కళ్ళలోకి చూస్తే కోపం లేదు, మెత్తదనమే. చెవులు పెద్దవి, మందమైనవి, కిందకి వేలాడుతూ ఉంటాయి. చెవుల మీద, కాళ్ళ వెనక, ఛాతీ కింద పొడవాటి కుచ్చు వెంట్రుకలు.

ఒంటి రంగు ఒక్కటే, బంగారు ఛాయ తిరిగే గోధుమరంగు, దాన్ని గోల్డెన్ లివర్ అంటారు. కాకర్‌లో నలుపు, బంగారు రంగు, మచ్చలవి అన్నీ దొరుకుతాయి. ససెక్స్‌లో ఇంకో రంగు లేదు. ముక్కు కూడా గోధుమరంగే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కానుకల దగ్గర ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

ఇంత అరుదు ఎందుకయ్యింది?

ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో బ్రైట్లింగ్ అనే ఊరుంది. అక్కడి రోజ్‌హిల్ ఎస్టేట్‌లో అగస్టస్ ఎలియట్ ఫుల్లర్ అనే భూస్వామి 19వ శతాబ్దం మొదటి భాగంలో ఈ జాతిని పెంచి, దానికో రూపం తెచ్చాడని చెబుతారు. ఆ నేల బంకమట్టి, పొదలు దట్టం. కాలినడకన వేటకి వెళ్ళేవాళ్ళకి, పొదలో దూరిన కుక్క ఎక్కడుందో కనపడదు. అందుకని పని చేస్తూ గొంతు విప్పి మొరిగే కుక్క కావాల్సి వచ్చింది. మామూలుగా స్పానియల్ వేటలో నోరు విప్పకూడదంటారు. ససెక్స్ మాత్రం విప్పుతుంది, అదే దాని గొప్ప.

తర్వాత కాలంలో చురుకైన కాకర్, స్ప్రింగర్ అనే ఇంకో స్పానియల్ జాతి వచ్చి దీన్ని వెనక్కి నెట్టాయి. రెండో ప్రపంచయుద్ధం నాటికి, మనుషులకే తిండి కరువైన రోజుల్లో, ఈ జాతి దాదాపు అంతరించే దశకి వచ్చింది. జాయ్ ఫ్రీయర్ అనే ఆవిడ తన దగ్గరున్న కొన్ని కుక్కల్ని ఆ కష్టకాలంలో కాపాడుకున్నారు. ఈనాటి ససెక్స్ స్పానియల్స్ వంశం వాటి నుంచే వచ్చిందని ఈ జాతిని పెంచేవాళ్ళు ఇప్పటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటారు.

కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్, ఏడాదికి 300 లేదా అంతకన్నా తక్కువ కుక్కపిల్లలు నమోదయ్యే స్వదేశీ జాతుల్ని ప్రమాదంలో ఉన్నవిగా లెక్కేస్తుంది. ఆ జాబితాలో ససెక్స్‌తో పాటు క్లంబర్, ఫీల్డ్, ఐరిష్ వాటర్ స్పానియల్స్ కూడా ఉన్నాయి. అంటే మీకు తెలిసిన ఆ ఇంటివాళ్ళు షాపుకెళ్ళి తమ కుక్క బొమ్మ ఉన్న కప్పు కొందామన్నా దొరకదు. పేరు వేయించిన కానుకకి అంత విలువ రావడానికి కారణం అదే.

షాపులో "స్పానియల్" అని రాసిన కప్పో, కుషనో కొనిచ్చేస్తే సరిపోదా?

మర్యాదకి థ్యాంక్స్ చెప్పి తీసుకుంటారు. కానీ అందులో ఉన్నది స్ప్రింగరో, కాకరో అని చూసిన క్షణంలో వాళ్ళకి తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి పార్కులో ప్రతివాళ్ళూ "ముసలి కాకరా? లావైపోయిందే!" అని అంటుంటే ఓపిగ్గా సరిదిద్దుతూ వచ్చినవాళ్ళు వీళ్ళు. ఖరీదు తక్కువైనా పర్వాలేదు, బొమ్మ మాత్రం వాళ్ళ కుక్కదే అయ్యుండాలి. బొమ్మ కుదరకపోతే పేరు ఒక్కటే వేయించండి. వేరే జాతి బొమ్మ కన్నా బొమ్మ లేకపోవడమే నయం.

లివర్ రంగు ఫీల్డ్ స్పానియల్ బొమ్మ పెట్టి సరిపెట్టొచ్చా అని కూడా అడుగుతుంటారు. వద్దు. ఫీల్డ్ స్పానియల్ ఇంకా ఎత్తుగా, కాళ్ళు పొడవుగా ఉంటుంది. ఆ నుదుటి ముడత ఉండదు.

రంగు సరిగ్గా రావడానికి ఏం చెయ్యాలి?

దీనికి కాస్త వివరంగా చెప్పాలి.

గోల్డెన్ లివర్ అంటే చాక్లెట్ రంగు కాదు. వెంట్రుక మొదట్లో ముదురుగా ఉంటుంది, కొసకి వచ్చేసరికి బంగారు రంగు తిరుగుతుంది. నల్లబెల్లం ముక్కని ఎండకి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో ఎలా మెరుస్తుందో, అలా. నీడలో అదే కుక్క మామూలు గోధుమరంగుగా కనిపిస్తుంది. ఈ జాతి ప్రమాణాల్లో బంగారు ఛాయ లేని ముదురు లివర్‌ని లోపంగానే చూస్తారు. కాబట్టి కప్పు మీద ముదురు చాక్లెట్ రంగు బొమ్మ వచ్చిందంటే, యజమాని కంటికి అది లోపమున్న కుక్క.

ప్రింటింగ్‌లో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఫోన్ తెరమీద బంగారు మెరుపుతో కనిపించే గోధుమరంగు, ఇంకులోకి మారేటప్పుడు ఒకోసారి ఎర్రబారుతుంది, ఒకోసారి బూడిద తిరుగుతుంది. అందుకే కప్పయినా, కుషనయినా, కాన్వాస్ అయినా ముందు ఒక శాంపిల్ ప్రింట్ చూపించమని అడగండి. దాన్ని ట్యూబ్‌లైట్ కింద చూడకండి, పగలు కిటికీ దగ్గర చూడండి. మెరిసే నున్నటి కాగితం మీద కన్నా మ్యాట్ కాగితం మీద, ఊలు మీద, నారబట్ట మీద ఈ రంగు నిండుగా వస్తుంది. నా అభిప్రాయంలో మెటల్ ప్రింట్‌లు ఈ జాతికి నప్పవు, వెచ్చదనం పోతుంది.

ఇక ముక్కు. చిత్రకారులు, డిజైన్ చేసేవాళ్ళు అలవాటు కొద్దీ కుక్క ముక్కుకి నలుపు వేసేస్తారు. కొందరు కళ్ళకీ నలుపే వేస్తారు. ససెక్స్‌కి ముక్కు లివర్ రంగు, కళ్ళు హేజెల్. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "ముక్కు గోధుమరంగు, కళ్ళు లేత గోధుమరంగు, ఎక్కడా నలుపు వద్దు" అని రాసి పంపండి. ఆ ఒక్క వాక్యంతో సగం టెన్షన్ పోతుంది. ఒకసారి నా స్నేహితురాలికి ఎవరో ప్రేమగా చేయించిన పోర్ట్రెయిట్‌లో అన్నీ కుదిరాయి, ముక్కు మాత్రం బొగ్గులా వచ్చింది. ఆవిడ దాన్ని హాల్లో పెట్టుకుంది, పడేయలేదు. కానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "ముక్కు ఇలా ఉండదండీ" అని చెప్పాల్సి వస్తోంది.

ఎలాంటి ఫోటో కావాలి?

కుక్క కళ్ళ ఎత్తులో తీసినది. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్ళు లేనట్టుగా వస్తుంది. అసలే పొట్టి కాళ్ళ జాతి, నేల మీద కూర్చునో, మోకాళ్ళ మీద వంగో తియ్యాలి. మబ్బు పట్టిన పగటి వెలుతురు మంచిది, ఇంగ్లండ్‌లో దానికి కొదవ లేదు. ఫ్లాష్ వద్దు, కళ్ళు పచ్చగా మెరుస్తాయి.

సర్‌ప్రైజ్ గిఫ్ట్ అయితే ఫోటో ఎలా అంటారా? ఆ ఇంట్లో ఇంకొకరిని కలుపుకోండి. పిల్లలకి చెబితే చాలు, ఫోన్ నిండా పంపిస్తారు. మూడు అడగండి: ఎదురుగా ముఖం, పక్కనుంచి ఒళ్ళంతా, చెవి దగ్గరగా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ప్రింట్ శుభ్రంగా రావాలంటే 2400 బై 3000 పిక్సెల్స్ ఉండాలి.

నెట్‌లో దొరికిన మంచి ఫోటో వాడుకోవచ్చా?

వద్దు. డాగ్ షోల్లో తీసిన ఫోటోల మీద హక్కు తీసినవాళ్ళది. పైగా అది వేరే కుక్క. యజమాని తన కుక్కని చెవి మడత చూసి కూడా గుర్తుపడతారు.

మెడకి పేరు బిళ్ళ చేయిద్దామనుకుంటున్నాం. కుక్క పేరు చెక్కించాలా?

అందరికీ ముందు తట్టే కానుక ఇదే. మనం పెళ్ళికిచ్చే స్టీలు బిందె మీద పేరు కొట్టించినంత మామూలుగా చేయించేస్తారు. ఇక్కడ మాత్రం కొంచెం ఆగాలి.

బ్రిటన్‌లో 1992 నాటి కంట్రోల్ ఆఫ్ డాగ్స్ ఆర్డర్ ప్రకారం, బయటి ప్రదేశాల్లో తిరిగే కుక్క మెడపట్టీ మీద గాని, దానికి తగిలించిన బిళ్ళ మీద గాని యజమాని పేరు, అడ్రస్ ఉండి తీరాలి. కుక్క పేరు ఉండాలని ఎక్కడా లేదు. చాలామంది యజమానులు కావాలనే వేయించరు. అరుదైన జాతి కుక్క, పేరు పెట్టి పిలిస్తే నమ్మి వచ్చేస్తుంది, దొంగకి పని తేలిక. కుక్కల్ని ఎత్తుకుపోవడం ఎంత పెద్ద బెడద అయ్యిందంటే, 2024లో దానికోసం ప్రత్యేకంగా పెట్ అబ్డక్షన్ చట్టమే తెచ్చారు.

కాబట్టి బిళ్ళ ఒకవైపు ఇంటిపేరు, ఇంటి నంబర్, పోస్ట్‌కోడ్, ఫోన్ నంబర్ చెక్కించండి. రెండోవైపు అలంకారం కోసం చిన్న బొమ్మ పెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ నుంచి మైక్రోచిప్ తప్పనిసరి. అయినా బిళ్ళ అవసరం పోలేదు, చిప్‌ని చదవడానికి స్కానర్ కావాలి కదా.

ఇత్తడి బిళ్ళ అందంగా ఉంటుంది, మెత్తన కాబట్టి లోతుగా చెక్కితేనే అక్షరాలు నిలుస్తాయి. స్టీలు గట్టిది. పైపైన లేజర్‌తో కాల్చిన అక్షరాలు కొన్నాళ్ళకి అరిగిపోతాయి, "లోతుగా చెక్కుతారా?" అని అడిగి మరీ ఇవ్వండి. వేలాడే బిళ్ళ కన్నా, మెడపట్టీలోకి దూర్చే బల్లపరుపు రేకు ఈ జాతికి బావుంటుంది. నీళ్ళగిన్నెకి తగిలి టకటకమనదు, పొదల్లో ఇరుక్కోదు.

ఒక సంగతి. నిజంగా వేటపనికి వెళ్ళే కుక్కలకి పొదల్లోకి పంపేముందు మెడపట్టీ తీసేస్తారు, కొమ్మలకి చిక్కుకుంటే ప్రమాదం. ఆ పనిలో ఉన్నంతసేపు చట్టం కూడా మినహాయింపు ఇస్తుంది. అలాంటి ఇంటికి మెడపట్టీ కన్నా వేరే వస్తువు ఆలోచించండి.

పేరు కుట్టించిన తోలు పట్టీ ఇవ్వొచ్చా? కొలత ఎలా తెలుస్తుంది?

ఇవ్వొచ్చు. ఇప్పుడు వాడుతున్న పట్టీని బల్లపరుపుగా పరిచి, బకిల్ నుంచి వాళ్ళు వాడే రంధ్రం దాకా కొలిచి చెప్పమని ఇంట్లోవాళ్ళని అడగండి. మెడని కొలిస్తే రెండు వేళ్ళు దూరేంత వదులు కలపాలి. ఎత్తు తక్కువైనా మెడ బలమైనది, కాకర్ సైజు తెచ్చి ఇరుక్కోకండి. వెడల్పు పట్టీ కింద మెడ వెంట్రుకలు చిక్కుపడి ఉండకడతాయి. గుండ్రంగా చుట్టి కుట్టిన తోలు పట్టీ అయితే ఆ బాధ తక్కువ. బర్మింగ్‌హామ్ పక్కన వాల్సాల్ అనే ఊరు గుర్రపు జీన్లకి, తోలు పనికి పేరుపడ్డది. అక్కడి పనితనం చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. కుట్టు దగ్గరదగ్గరగా, అంచు నున్నగా ఉంటుంది. గుండ్రటి పట్టీ మీద అక్షరాలకి చోటుండదు, దానికి చిన్న ఇత్తడి రేకు రివెట్ చేయించుకోవాలి.

రోజూ వాడుకునేవి ఏవైనా?

నన్నడిగితే అన్నిటికన్నా మంచి కానుక స్పానియల్ బౌల్. కింద వెడల్పు, పైన మూతి ఇరుకు ఉండే మట్టి గిన్నె. కుక్క మూతి మాత్రమే లోపలికి వెళ్తుంది, చెవులు రెండూ బయటే ఉండిపోతాయి. మామూలు గిన్నెలో నీళ్ళు తాగితే ఆ పొడవాటి చెవులు తడిసి, ఇల్లంతా నీళ్ళు చల్లుకుంటూ తిరుగుతుంది. తడి చెవులకి లోపల ఇన్‌ఫెక్షన్లు కూడా తేలిగ్గా వస్తాయి. కుండల పనివాళ్ళ దగ్గర పచ్చిమట్టి మీదే పేరు గీయించి కాలిస్తే ఎన్నేళ్ళయినా చెరగదు. పెయింట్‌తో పైన రాయించేది అయితే, తిండి గిన్నెలకి వాడదగ్గ గ్లేజా అని కనుక్కోండి. ఇంటిలోపల కాబట్టి దీని మీద కుక్క పేరు నిశ్చింతగా వేయించుకోవచ్చు.

తర్వాత టవల్. ఈ కుక్క బురద కనిపిస్తే ఆగదు. పేరు ఎంబ్రాయిడరీ చేసిన మందపాటి టవల్, కారులో వేసే దుప్పటి, ఒళ్ళు ఆరబెట్టే కోటు, వీటికి ఆ ఇంట్లో ఎప్పుడూ పనుంటుంది. భోజనం వేళ చెవులు పైకి కట్టి ఉంచే స్నూడ్ అనే గుడ్డ తొడుగు కూడా ఉంది. చవక, ఉపయోగం, పైన పేరు కుడితే ముచ్చటగా ఉంటుంది.

ఎప్పటికీ ఉండేలా, కొంచెం ఖరీదైనది ఇవ్వాలంటే?

వెండి పిన్, కఫ్‌లింక్స్, బోన్ చైనా ప్లేటు, గుమ్మం దగ్గర పెట్టే పలకరాయి బోర్డు. బోన్ చైనాకి స్టోక్ ఆన్ ట్రెంట్, వెండికి బర్మింగ్‌హామ్ జ్యూవెలరీ క్వార్టర్, ప్యూటర్ అనే తగరపు లోహానికి షెఫీల్డ్, పలకరాయికి వేల్స్. ఇవి పేరున్న చోట్లు, చిన్నచిన్న వర్క్‌షాపుల్లో ఒక్క వస్తువైనా చేసిస్తారు.

బ్రిటన్‌లో 7.78 గ్రాములు దాటిన వస్తువుని వెండి అని చెప్పి అమ్మాలంటే హాల్‌మార్క్ ఉండాలి. ఆ ముద్ర వేసే బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1773లో మొదలయ్యింది, దాని గుర్తు లంగరు. పిన్ వెనక భూతద్దంతో ఆ లంగరు వెతికి చూపిస్తే పుచ్చుకున్నవాళ్ళు భలే సంతోషపడతారు. చెక్కడంలో రంగు రాదు కాబట్టి ఇక్కడ ఆకారమే అంతా: పొడవాటి వీపు, పొట్టి కాళ్ళు, కళ్ళ సూటికి కాస్త పైన మొదలై వేలాడే చెవి. పక్కనుంచి తీసిన ఫోటో ఇవ్వండి.

ఆంటిక్ షాపులో జంట కుక్క బొమ్మలు చూశాం, ఇవి స్పానియల్సే అన్నారు. కొనొచ్చా?

పొయ్యి గట్టు మీద అటొకటి ఇటొకటి పెట్టే ఆ స్టాఫర్డ్‌షైర్ పింగాణీ బొమ్మలు ఎక్కువగా కింగ్ చార్లెస్ స్పానియల్స్. అందమైనవే, కానీ ఇవి ససెక్స్‌లు కావు.

కొండపల్లిలో చేయించి తేవచ్చా?

తప్పకుండా. మనవాళ్ళు ఇచ్చే కానుకలో మన ఊరి చెయ్యి ఉంటే దాని అందమే వేరు. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది, పొట్టి కాళ్ళూ వేలాడే చెవులూ ఉన్న ఈ ఆకారం అందులో చక్కగా వస్తుంది. కళాకారుడికి నాలుగు వైపుల ఫోటోలూ ఇచ్చి, రంగుకి ఒక ఊలు ముక్కో, దారమో జతచేసి పంపండి. ఫోన్ తెర చూసి రంగు కలపడం కష్టం. ముక్కు సంగతి మళ్ళీ చెప్పండి. ఏటికొప్పాక లక్కబొమ్మ కావాలంటే లేత్ మిషన్ మీద తిప్పి చేసే గుండ్రటి ఆకారాలు కాబట్టి పోలిక అంత రాదు, పేరు రాసిన చిన్న డబ్బాకో, తాళంచెవి గుత్తికో బావుంటుంది.

ఇవి అల్మరాలో పెట్టుకునే వస్తువులని ఇచ్చేటప్పుడే చెప్పండి. కుక్క నోటికి అందితే కర్ర ముక్కలు చేసేస్తుంది. పోస్టులో పంపేటట్టయితే, విదేశం నుంచి బ్రిటన్‌కి వచ్చే గిఫ్ట్ విలువ 39 పౌండ్లు దాటితే దిగుమతి పన్ను పడుతుంది, అది కట్టాల్సింది పుచ్చుకునేవాళ్ళు. అలాంటి ఇబ్బంది పెట్టకుండా ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికివ్వండి.

చేత్తో కుట్టిన బొమ్మలో అంత ఏముంటుంది? మిషన్ మీద కుట్టించకూడదా?

పేరు వరకూ మిషన్ చాలు, అక్షరాలు శుభ్రంగా వస్తాయి. ముఖానికి మాత్రం చెయ్యే కావాలి.

ఒక చెవి సంగతి చెబుతాను. ముందు పెన్సిల్‌తో వెంట్రుకలు ఏ దిక్కుకి పడుతున్నాయో గీతలు గీసుకుంటాను. చెవి మొదట్లో వెంట్రుక పొట్టిది, ఒంటికి అంటుకుని ఉంటుంది. అక్కడ డీఎంసీ కంపెనీ ఎంబ్రాయిడరీ దారాల్లో 433 నంబరు రంగు, ముదురు నీడలకి 801. కిందకి వస్తున్నకొద్దీ 434, 435. అలలు తిరిగే చోట ఒక్క పోగే సూదిలో ఎక్కించి పొడవు కుట్టు, పొట్టి కుట్టు కలిపి వేస్తాను, రెండు రంగులు కలిసే గీత కనపడకూడదు. చివర కుచ్చుల్లో 3826, వెలుతురు పడే అంచుకి 976 రెండు మూడు పోగులు. ఆ బంగారు పోగులు పడేదాకా అది ఏదో ఒక గోధుమరంగు కుక్క. అవి పడ్డాక ససెక్స్ అవుతుంది. ఎక్కువ పడితే గోల్డెన్ రిట్రీవర్ ఛాయ వచ్చేస్తుంది, అందుకే ఆ చివరి పోగులు రాత్రిపూట కుట్టను, పగలే కుడతాను.

దువ్వినప్పుడు వచ్చే బొచ్చుతో బొమ్మ చేయించొచ్చా అని కూడా అడుగుతారు. చేయొచ్చు. ఈ బొచ్చు పట్టులా జారుతుంది, దానంతటది గట్టిపడదు. లోపల గొర్రె ఊలుతో ఆకారం చేసి, పైన ఈ బొచ్చు కలిపి సూదితో గుచ్చుతారు. పూర్తిగా కడిగి ఆరబెట్టిన బొచ్చు ఇవ్వాలి.

ఏ పేరు వేయించాలి? కుక్కకి రెండు పేర్లున్నాయంటున్నారు.

కెన్నెల్ క్లబ్ పత్రాల్లో పెద్ద పేరుంటుంది, ముందు పెంపకందారు ఇంటిపేరు లాంటి మాట వస్తుంది. ఇంట్లో పిలిచేది వేరు. కుషన్‌కీ, గిన్నెకీ ఇంట్లో పిలిచే పేరు. షోల్లో గెలిచిన కుక్క అయితే గోడకి పెట్టే ఫ్రేమ్ మీద పెద్ద పేరు. స్పెల్లింగ్ ఎవరినైనా అడిగి రాయించుకోండి, చెవితో విని రాయకండి.

తెలుగులో పేరు రాయించిన కప్పులు కొందరు ఇస్తున్నారు. ఇచ్చేవాళ్ళ గుర్తుగా నాకు అది చాలా నచ్చింది. తెలుగు తెలియని ఎంగ్రేవర్ చేతిలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి వస్తాయి. అక్షరాలుగా టైప్ చేసి పంపకండి, బొమ్మ ఫైలుగా పంపండి.

తోక ఎలా గీయించాలి?

కుక్కని చూసి. ఒకప్పుడు ఈ జాతికి తోక కత్తిరించేవాళ్ళు. ఇంగ్లండ్‌లో 2007 నుంచి, వేటపనికి వెళ్ళే కుక్కల్లాంటి కొన్ని మినహాయింపులతో, అది నిషేధం. ఇప్పుడు రెండు రకాలూ కనిపిస్తాయి.

తినే వస్తువుల బుట్ట ఇస్తే?

మనుషులకీ కుక్కకీ కలిపి ఒకే బుట్ట కట్టకండి. క్రిస్మస్ కేకు, మిన్స్ పైలలో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కలకి విషం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చాక్లెట్ కూడా అంతే. జైలిటాల్ అనే తీపి పదార్థం మరీ ప్రమాదం, కొన్ని పీనట్ బటర్లలో కూడా ఉంటుంది, లేబుల్ మీద బర్చ్ షుగర్ అని కూడా రాస్తారు. పైగా ఈ జాతి తిండికి ఆగదు, తేలిగ్గా ఒళ్ళు చేస్తుంది. పేరు రాసిన బిస్కెట్ల డబ్బా ఖాళీగా ఇవ్వండి, ఏం నింపాలో వాళ్ళకి తెలుసు.

కుక్క లేదు, జాతి అంటే పిచ్చి ప్రేమ. అలాంటివాళ్ళకి?

ఇలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. ఫ్లాట్‌లో వీలుకాక, వయసు మీదపడి, లేదా కుక్కపిల్ల కోసం వరుసలో ఎదురుచూస్తూ. వాళ్ళకి జాతి కథే కానుక. బ్రైట్లింగ్ చుట్టుపక్కల పాత మ్యాప్ ఒకటి ఫ్రేమ్ కట్టించి, మూలన వాళ్ళ పేరు చిన్నగా వేయించండి. 2009లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల షోలో స్టంప్ అనే ససెక్స్ పదేళ్ళ వయసులో బెస్ట్ ఇన్ షో గెలిచింది. అంత పెద్ద వయసు కుక్క అక్కడ అంతకుముందెప్పుడూ గెలవలేదు. పైగా ఐదేళ్ళ ముందు చావు అంచుల దాకా వెళ్ళి బతికిన కుక్క అది. ఈ జాతి అభిమాని దగ్గర ఆ పేరెత్తి చూడండి, ముఖం వెలిగిపోతుంది. మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగే క్రఫ్ట్స్ కుక్కల షోకి, గన్‌డాగ్స్ (వేటకుక్కల జాతులు) ఉండే రోజు చూసి టిక్కెట్ కొనిచ్చినా మంచిదే. అక్కడ ఒకేచోట ఇన్ని ససెక్స్‌లు చూసి వాళ్ళకి కడుపు నిండిపోతుంది.

వాళ్ళ కుక్క చనిపోయింది. ఇప్పుడు ఇస్తే బాధపెట్టినట్టవుతుందా?

ఆ వారంలోనే ఫోటో ఫ్రేమ్ పట్టుకెళ్ళకండి. ముందు చేత్తో రాసిన కార్డు చాలు, అందులో కుక్క పేరు రాయండి, మీరు చూసిన ఒక సంగతి రాయండి. "మా బాబు గేటు తియ్యగానే ఎదురొచ్చేది" అని రాసినా చాలు. అలాంటి ఒక్క వాక్యాన్ని వాళ్ళు ఏళ్ళపాటు దాచుకుంటారు.

కొన్ని నెలలు పోయాక, ఇంట్లో ఇంకొకరిని అడిగి, కావాలంటేనే చేయించండి. పోర్ట్రెయిట్ అయితే ముసలితనంలో జబ్బుపడ్డ రోజుల ఫోటో కాకుండా మంచి వయసులోది ఎంచుకోండి. తేదీలు వేయించాలా వద్దా అన్నది వాళ్ళనే అడగాలి, కొందరికి ఆ చివరి తేదీ రోజూ కళ్ళెదుట ఉండటం భారం. ఇంకో కుక్కపిల్ల మాటెత్తకండి. ఈ జాతిలో కుక్కపిల్ల దొరకడానికే చాలాకాలం ఆగాలి, ఆ ఆలోచన వాళ్ళకి ఎప్పుడు రావాలో అప్పుడే వస్తుంది.

కుక్క బతికుండగానే పాదముద్ర తీసి పెట్టుకోమని మాత్రం అందరికీ చెబుతాను. విషం లేని ఇంకు వాడాలి, లేదా మెత్తటి బంకమట్టిలో అద్దించాలి. ససెక్స్ పాదానికి వేళ్ళ మధ్య కుచ్చు వెంట్రుకలు ఎక్కువ, ముందు వాటిని కత్తెరతో సర్దకపోతే ముద్ర అలుక్కుపోతుంది.

ఎన్నాళ్ళ ముందు చెప్పాలి?

బిళ్ళ, కప్పు లాంటివి వారం పది రోజుల్లో వస్తాయి. తోలుకీ, మట్టి గిన్నెకీ నెలరోజులు పెట్టుకోండి. మట్టి ఆరాలి, రెండుసార్లు కాల్చాలి, తొందరపెడితే పగులుతుంది. చేత్తో గీసే, కుట్టే బొమ్మలకి రెండు మూడు నెలలు. క్రిస్మస్‌కి కావాలంటే సెప్టెంబర్‌లో అడగండి, నవంబర్ వచ్చాక మంచి పనివాళ్ళెవరూ కొత్త ఆర్డర్ తీసుకోరు. ఫోటోలు, పేరు స్పెల్లింగ్, ముక్కు రంగు, తోక, ఈ నాలుగూ మొదటి మెసేజ్‌లోనే పంపేస్తే అటూ ఇటూ తిరిగే సమయం మిగులుతుంది.